బ్యాటరీ మార్చే ముందు మల్టీమీటర్ కొనండి: కొన్నేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

నేను వాడుతున్నది పసుపు రబ్బరు తొడుగున్న మామూలు డిజిటల్ మల్టీమీటర్, అంటే వోల్టులు, ఆంపియర్లు కొలిచే చిన్న మీటరు. ధర వెయ్యి రూపాయల లోపే. రాయగడలో మా ఇంట్లో ఇది కారు డిక్కీలో జాకీ పక్కనే ఉంటుంది. కారున్న ప్రతివాళ్లకీ దీన్ని కొనమని చెబుతున్నాను. ఎందుకో వివరంగా రాస్తాను.

మా బండికి కొత్త బ్యాటరీ వేసిన కొన్ని నెలలకే మళ్లీ దిగిపోయేది. వారంలో ఎక్కువ రోజులు అది ఇంటి ముందే ఉంటుంది. ఆదివారం తాళం తిప్పితే టిక్ టిక్ శబ్దం తప్ప సెల్ఫ్ అందుకోదు. వారంటీలో మరో బ్యాటరీ ఇచ్చారు, దానిదీ అదే కథ. అది చాలదన్నట్టు, పార్వతీపురం వెళ్తూ కొమరాడలో టీ తాగి మళ్లీ స్టార్ట్ చేస్తే ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు జారకుండా చూసేది), పవర్ స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక లైట్లు మూడూ ఒకేసారి వెలిగాయి. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. ఒక షెడ్డులో స్టీరింగ్ మోటారు పోయిందన్నారు, ఇంకోచోట ఏబీఎస్ యూనిట్ మార్చాలన్నారు. రెండూ వేలల్లో ఖర్చు.

సంబంధం లేని లైట్లు మూడు నాలుగు ఒకేసారి వెలిగితే అవన్నీ ఒకే రోజు పాడయ్యాయని నమ్మనక్కర్లేదు. ముందు చూడాల్సింది వోల్టేజీ. సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజీ మరీ పడిపోతే బండిలోని కంప్యూటర్లు గందరగోళపడి లైట్లు వెలిగిస్తాయి. కరెంటు ఎక్కువ లాగే పవర్ స్టీరింగ్ మొట్టమొదట ఫిర్యాదు చేస్తుంది.

రాత్రంతా కదపని బండికి పొద్దున్నే మీటరు పెట్టి చూడండి. 12.6 వోల్టులుంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 ఉంటే దాదాపు సగం. 12 కంటే తక్కువైతే బాగా ఖాళీ అయినట్టే. బండి ఆపిన వెంటనే చూస్తే అంకె ఎక్కువగా కనిపించి మోసం చేస్తుంది, కొన్ని గంటలు ఆగాలి. ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమని మీరు మీటరు చూడండి, 9.6 కంటే కిందికి పోకూడదు. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. కొన్ని కొత్త కార్లలో కంప్యూటరే ఛార్జింగ్‌ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది కాబట్టి ఒక్కసారి తక్కువ చూపించగానే ఆల్టర్నేటర్ (నడిచే ఇంజిన్‌తో బ్యాటరీని ఛార్జ్ చేసేది) పోయిందనుకోకండి. 15 దాటితే మాత్రం ఆలస్యం చేయకుండా చూపించాలి.

మా బండికి ఛార్జింగ్ బాగానే ఉంది, బ్యాటరీయే తెల్లారేసరికి తగ్గిపోతోంది. అంటే రాత్రిపూట ఏదో లాగుతోంది. ఇక్కడే ఈ మీటరు తన విలువ చూపించింది. బ్యాటరీ నెగటివ్ వైరు విప్పి, దానికీ టెర్మినల్‌కీ మధ్య మీటరును 10 ఆంపియర్ల సాకెట్లో పెట్టి కలపాలి. తలుపు తాళాన్ని స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూసినట్టు చేసి, కంప్యూటర్లు నిద్రపోయేదాకా కనీసం అరగంట ఆగాలి. ఆ తర్వాత 0.05 ఆంపియర్ లోపుంటే మామూలే. మాకు 0.32 వచ్చింది. ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తుంటే స్టీరియో ఫ్యూజు దగ్గర 0.02కి పడింది. యాంప్లిఫయర్ బిగించినవాళ్లు దాన్ని తాళంతో ఆగే లైనుకు కాకుండా ఎప్పుడూ కరెంటుండే లైనుకు కలిపారు. 0.3 ఆంపియర్ చిన్నదిగా కనిపిస్తుంది గానీ రోజుకు 7 ఆంపియర్-అవర్స్ అవుతుంది. మాది 35 ఆంపియర్-అవర్స్ బ్యాటరీ. మూడు రోజులు నిలబెడితే సగానికి పైగా ఖాళీ!

వైరు మార్పించాక బ్యాటరీ దిగడం ఆగింది గానీ వానాకాలంలో లైట్లు మళ్లీ ఒకటి రెండుసార్లు వెలిగాయి. స్టేషన్ దగ్గర చిన్న కొట్టు పెట్టుకున్న ఒడియా ఎలక్ట్రీషియన్ బానెట్ ఎత్తగానే "ఎర్త్ చూశారా సార్?" అన్నాడు. ఎర్త్ అంటే బ్యాటరీ నెగటివ్‌ని ఇంజిన్‌కీ బాడీకీ కలిపే వైరు. మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ పోల్‌కి, రెండోది ఇంజిన్ ఇనుముకి పెట్టి సెల్ఫ్ కొట్టించాడు. అర వోల్టు దాటకూడని చోట 1.2 చూపించింది. గేర్‌బాక్స్ దగ్గర ఎర్త్ వైరు బోల్టు కింద తుప్పు పేరుకుంది. గీకి శుభ్రం చేసి, వైరు కొనకి కొత్త లగ్ (బోల్టు పట్టే లోహపు రింగు) వేసి బిగించాడు. దానికి తీసుకున్న డబ్బు స్టీరింగ్ మోటారు ధర ముందు లెక్కలోకే రాదు. ఆ తర్వాత మూడు లైట్లూ వెలగలేదు. అంత నిక్కచ్చిగా పనిచేసేవాడు మా ఊళ్లో ఉండటం మా అదృష్టం.

ఇక మీటరులో లోపాలు. దీంతో వచ్చిన వైర్లు సన్నం, మొసలి క్లిప్పులు విడిగా కొనాలి. వెనక లైటు లేదు కాబట్టి రాత్రి టార్చి పట్టుకోవాలి. లోపలి 9 వోల్టుల సెల్ బలహీనపడితే అంకెలు ఎక్కువ చూపిస్తుంది, అందుకే తెర మీద బ్యాటరీ గుర్తు కనిపించగానే సెల్ మార్చేస్తాను. అన్నిటికంటే ముఖ్యం: ఆంపియర్లు కొలిచేటప్పుడు పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకూడదు, స్టార్టర్ వంద ఆంపియర్లకు పైనే లాగుతుంది. కొలత అయ్యాక ఎర్ర వైరును వెంటనే వోల్టుల సాకెట్లోకి మార్చాలి. అలాగే వదిలేసి బ్యాటరీకి ముట్టిస్తే నేరుగా షార్టే. చవక మీటర్లలో కొన్నింటికి ఆ ఆంపియర్ల సాకెట్ పక్కన అన్‌ఫ్యూజ్డ్ (లోపల ఫ్యూజు లేదు) అని రాసి ఉంటుంది, అలాంటివి కొనకండి. హైబ్రిడ్ కార్లలో నారింజ రంగు వైర్ల జోలికి అసలు వెళ్లొద్దు.

బ్యాటరీ లోపలి బలాన్ని ఈ మీటరు పూర్తిగా చెప్పలేదు. 12.6 చూపించి కూడా సెల్ఫ్‌కి చతికిలబడే బ్యాటరీలుంటాయి. దానికి బ్యాటరీ కొట్లో లోడ్ టెస్టర్ (బ్యాటరీ మీద భారం వేసి పరీక్షించేది) పెట్టించాలి. వైరు విప్పకుండా కొలవాలనుకుంటే వైరు చుట్టూ పట్టుకునే క్లాంప్ మీటర్ మంచిదే గానీ చవకవాటిలో చాలావరకు ఏసీ ఆంపియర్లు మాత్రమే కొలుస్తాయి. కారుకు కావాల్సింది డీసీ. డబ్బిచ్చే ముందు డబ్బా మీద డీసీ ఆంపియర్లు అని ఉందో లేదో చూసుకోండి.