చెన్నై నుంచి హైదరాబాద్ ఫ్లైట్‌లో చేతి జీపీఎస్ పట్టుకుని మన జిల్లా మీదగా

నెల్లూరోళ్ళం హైదరాబాద్ పోవాలంటే రాత్రి సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పడుకుంటే పొద్దున్నే దిగేస్తాం, దానికంటే సుఖం లేదు, కానీ ఈసారి కావాలనే చెన్నై పొయ్యి ఫ్లైట్ ఎక్కాను, ఎందుకంటే మ్యాప్‌లో గీత గీసి చూస్తే ఆ దారి కండలేరు, కంభం, నల్లమల మీదగా పోతా ఉంది, మన ఊళ్ళని పైనుంచి పేరుపేరునా గుర్తుపట్టాలని ఎన్నాళ్ళ నుంచో ఆశ.

సెంట్రల్‌లో ట్రైన్ దిగితే అక్కడే మెట్రో, నేరుగా ఎయిర్‌పోర్ట్‌కే. రాత్రికి తిరుసూలం దగ్గర లాడ్జిలో ఉన్నా, రూము ఇరుకు, ఏసీ మోతకి నిద్ర పట్టలా, అయినా పొద్దున నడిచి పోవచ్చు కాబట్టి పర్లేదు. సీటుకి మాత్రం డబ్బులు ఎక్కువ కట్టైనా ఎడమ కిటికీ తీసుకోండి, రెక్క మీద రాకుండా. పొద్దున ఎండ కుడివైపు కొడతది.

నా చేతి జీపీఎస్ గార్మిన్ ఈట్రెక్స్ 30ఎక్స్, దాన్లోకి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాప్ ఇంట్లోనే ఎక్కించుకున్నా. టెర్మినల్ బయటే ఆన్ చేసి శాటిలైట్లు దొరికిందాకా ఆగాలి, ఇది మర్చిపోవద్దు, గాల్లో గంటకి 800 కిలోమీటర్ల స్పీడులో మొదటినుంచి వెతకమంటే చాలాసేపు పడతది. కనీసం 4 శాటిలైట్లు కావాలి, కిటికీలోంచి కనపడేది ఒక పక్క ఆకాశమే, అందుకని అద్దానికి ఆనించే పెట్టాలి, ఒళ్ళో పెట్టుకుంటే సిగ్నల్ పోతది. క్రూని అడిగితే టేకాఫ్, ల్యాండింగ్ అప్పుడు లోపల పెట్టమన్నారు, మర్యాదగానే చెప్పారు. ఫోన్ జీపీఎస్ కూడా ఫ్లైట్ మోడ్‌లో పనిచేసింది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోబట్టి, కాకపోతే నెట్ సాయం లేక శాటిలైట్లు పట్టడానికి బాగా లేటయింది.

ఎత్తు చూసి ముందు కంగారుపడ్డా, 6,000 అడుగులే చూపిస్తంది! ఈ మోడల్ ఎత్తుని గాలి ఒత్తిడితో కొలుస్తది, క్యాబిన్‌లో గాలిని నొక్కి ఉంచుతారు కదా, అదన్నమాట. జీపీఎస్ ఎత్తు వేరే చూస్తే 30,000 దాటి ఉంది.

రాపూరు దాటంగానే కండలేరు నీళ్ళు కనపడ్డాయి, మా అత్త వాళ్ళ ఊరి పక్కన, చెన్నైకి తాగునీళ్ళు పొయ్యేది ఇక్కణ్ణించే. ఎడమపక్క దూరంగా సోమశిల, దాన్లోంచి పెన్న తెల్లటి ఇసకలో సన్నగా, ఆ వెనక వెలిగొండలు. తర్వాత కొండల మధ్యలో కంభం చెరువు, గుండ్లకమ్మ ఏటికి అడ్డం విజయనగర రాజుల కాలంలో కట్టింది, స్క్రీన్ మీద పేరు, కింద ఆ నీళ్ళు, రెండూ ఒక్కసారే చూస్తా ఉంటే ఒళ్ళు జలదరించింది నాకు.

ఇంటికొచ్చి జీపీఎస్‌లో నమోదైన దారి గీతని గూగుల్ ఎర్త్‌లో వేసి మా నాయనకి చూపిస్తే, మొదలూ చివరా గీత లేదేందిరా అన్నాడు. క్రూ లోపల పెట్టమన్నప్పటిది నాయనా అని చెప్పా, ఆయన అప్పటికే రాపూరు దగ్గర జూమ్ చేసి అత్త వాళ్ళ చేను వెతుకుతా ఉన్నాడు.