పాత పెంటియమ్‌లో 250 జీబీ డిస్కు: పీసీఐ ఐడీఈ కార్డుపై నా అభిప్రాయం

అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చిన పాత పుస్తకాల ఫైళ్లు ఉన్నంతకాలం మా డీటీపీ గదిలోంచి పెంటియమ్-3 కదలదు. యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు ఎక్కడ తేలతాయో తెలియదు కాబట్టి, యంత్రాన్ని బతికించుకోవడమే సులువు. దానికి 250 జీబీ ఐడీఈ డిస్కు (వెడల్పాటి కేబులుతో తగిలించే పాతరకం హార్డ్‌డిస్కు) పెట్టాను. బయోస్ (కంప్యూటరు ఆన్ కాగానే డిస్కులను గుర్తించే, బోర్డులోని ప్రోగ్రాం) మాత్రం 137 జీబీ దగ్గరే ఆగిపోయింది.

డిస్కుది తప్పు కాదు. పాత పద్ధతిలో సెక్టారు (డిస్కులోని చిన్న గడి) చిరునామాకు 28 బిట్లే ఉంటాయి. అంటే 26,84,35,456 సెక్టార్లు. ఒక్కోటి 512 బైట్లు. అంతకు మించి లెక్కపెట్టడం ఆ బోర్డుకు రాదు. 48 బిట్ల చిరునామా ఐడీఈ డిస్కుల ఏటీఏ-6 ప్రమాణంతో వచ్చింది. మా బోర్డుకు కొత్త బయోస్ దొరకలేదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో సిలికాన్ ఇమేజ్ 0680 చిప్పున్న, బోర్డులోని పీసీఐ స్లాటులో గుచ్చే కార్డు దొరికింది. కార్డుకు సొంత బయోస్ ఉంటుంది కనుక బోర్డుతో పనిలేకుండా డిస్కును అదే గుర్తిస్తుంది. విండోస్‌లో 232 జీబీ అని కనిపిస్తే కంగారుపడకండి. తయారీదారు వెయ్యితో లెక్కగడితే విండోస్ 1024తో గడుతుంది, అంతే.

విండోస్ ఎక్స్‌పీని పాత 40 జీబీ డిస్కులోనే, బోర్డు కనెక్టరుకే ఉంచాను. కార్డు మీది డిస్కులో ఎక్స్‌పీ ఎక్కించాలంటే ఇన్‌స్టలేషన్ మొదట్లో ఎఫ్6 నొక్కి ఫ్లాపీ నుంచి డ్రైవరు ఇవ్వాలి. ఈ రోజుల్లో పనిచేసే ఫ్లాపీ వెతకడం కన్నా రెండు డిస్కులు పెట్టుకోవడం నయం. కేబులు 80 తీగలదే వాడండి. నీలం కొస కార్డుకు, నలుపు కొస డిస్కుకు. డిస్కు వెనక 32 జీబీకి కుదించే జంపరు (పిన్నులను కలిపే చిన్న తొడుగు) ఉంటే తీసేయండి.

ఇన్నేళ్లలో ఒక్క ఫైలూ పాడవలేదు. చిరాకులు లేకపోలేదు. కార్డు డిస్కును వెతికేంతసేపు బూటింగ్ ఆలస్యమవుతుంది. డిస్కు ఆరోగ్యం చూపే స్మార్ట్ వివరాలు నా దగ్గరున్న సాఫ్ట్‌వేరుకు కార్డు గుండా అందవు. అందుకే నకలు వేరే డిస్కులో ఉంచుతున్నాను.

కార్డు ఖర్చు ఎందుకని పెద్ద డిస్కును నేరుగా బోర్డుకే తగిలించేవారికి ఒక హెచ్చరిక. బయోస్ డిస్కు మొత్తాన్ని చూపించినా, ఎక్స్‌పీలో సర్వీస్ ప్యాక్ 1 లేకపోతే ప్రమాదమే. 137 జీబీ దాటాక రాయాల్సింది డిస్కు మొదట్లోకి వెళ్లి పడవచ్చు. అక్కడున్న ఫైళ్ల పట్టిక చెరిగిపోతుంది. అసలు గుర్తించని డిస్కు కన్నా ఇది ఘోరం.

రెండు టెరాబైట్లు దాటిన డిస్కులకు ఈ కార్డు కొనకండి. అక్కడ అడ్డు ఎంబీఆర్ అనే, డిస్కును భాగాలుగా పంచే పాత పట్టికది. దాని స్థానంలో వచ్చిన జీపీటీ పట్టికను చదవడం 32 బిట్ల ఎక్స్‌పీకి రాదు.