మే నెలలో నన్ను ‘ఫ్రెష్’ అన్న గ్రాఫ్: గోల్డెన్ చీటా

సైకిల్ తొక్కేటప్పుడు కాళ్ల శక్తిని వాట్లలో కొలిచేది పవర్ మీటర్. సుమారు గంటసేపు నిలకడగా తొక్కగలిగే గరిష్ట వాట్లే ఎఫ్‌టీపీ. ఆ లెక్కలన్నీ విశ్లేషించే సాఫ్ట్‌వేర్ గోల్డెన్ చీటా. ఉచితం, కంప్యూటర్లో నడుస్తుంది, రైడ్‌ల డేటా మన దగ్గరే ఉంటుంది. కొన్నేళ్లుగా వాడుతున్నా. పిచ్చి ఇష్టం మాత్రం ఫిట్‌నెస్ గ్రాఫ్ ఒక్కదాని మీదే. లోడ్ అంటే రైడ్ ఒంటి మీద వేసే భారం. 42 రోజుల లోడ్ సగటు ఫిట్‌నెస్, 7 రోజులది అలసట, రెండిటి తేడా ఫామ్.

చలికాలంలో అది చెప్పింది చెప్పినట్టు జరుగుతుంది. ఫామ్ గీత బాగా కిందికి పోయిందా, మర్నాడు ప్రకాశం బ్యారేజీ మీద ఎదురుగాలికే కాళ్లు చేతులెత్తేస్తాయి.

గొడవంతా ఏప్రిల్ తర్వాతే. బెజవాడ ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది, రోహిణి కార్తె అయితే సరేసరి. తెల్లవారుజామునే ఉండవల్లి దాటి కరకట్ట ఎక్కినా, తిరిగొచ్చేసరికి జెర్సీ పిండుకోవాల్సిందే. నా ఎఫ్‌టీపీ 210 వాట్లు. డిసెంబర్‌లో 210కి గుండె ఎంత కొట్టుకుంటుందో మేలో 185కే అంత కొట్టుకుంటుంది. ఒళ్లు చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటతో రక్తంలో నీళ్లూ తగ్గుతాయి, గుండె వేగం పెంచక తప్పదు. గ్రాఫ్‌కి ఇదేం పట్టదు, దానికి కనపడేవి వాట్లే. పైగా లోడ్ లెక్కలో, తొక్కిన వాట్లకీ ఎఫ్‌టీపీకీ ఉన్న నిష్పత్తిని వర్గం చేస్తారు. అంటే వాట్లు 12 శాతం తగ్గితే, గంటకి 100 రావాల్సిన లోడ్ 78 దగ్గర ఆగిపోతుంది. మంచం మీద వాలిపోయి లాప్‌టాప్ తెరిస్తే దాని తీర్పు ఇదీ: ఫిట్‌నెస్ తగ్గుతోంది, అలసట లేదు, తమరు ఫ్రెష్! ఒళ్లు మండిపోయేది.

తర్వాత తెలిసింది, ఈ గ్రాఫ్‌కి లోడ్‌గా వాట్లే ఇవ్వాలని లేదని. గుండె వేగంతో కట్టే లోడ్, ట్రింప్ అంటారు, అది కూడా ఇవ్వొచ్చు. నిజానికి ఫిట్‌నెస్, అలసట అని విడదీసే ఈ పద్ధతి 1970ల్లో వ్యాయామ శాస్త్రవేత్త బానిస్టర్ బృందం మొదలుపెట్టింది, వాట్ల లెక్కలు ఆ తర్వాత వచ్చి చేరాయి. రెండు ఫిట్‌నెస్ గీతలూ ఒకే చార్టులో వేశా. మార్చి దాకా జంటగా నడిచి, ఏప్రిల్‌లో కత్తెరలా విడిపోయాయి. వాట్లది కిందికి, గుండెది పైకి. పాత సంవత్సరాలు తెరిచి చూస్తే ప్రతి వేసవీ అదే బొమ్మ. ఆ రాత్రి అన్నం చల్లారిపోయినా లేవలేదు.

అలాగని ఆ గీతల మధ్య ఎడాన్ని కొలవబోకండి. రెండిటి కొలమానాలూ వేరు, దిశ ఒక్కటే నమ్మొచ్చు. నిద్ర చాలకపోయినా ట్రింప్ పెరగొచ్చు. గుండె వేగం కొలిచే ఛాతీ బెల్టు చెమటకి జారితే ఆ రోజు లెక్క చెత్తే. వేసవికి ఎఫ్‌టీపీ తగ్గించి, ఫలానా తేదీ నుంచి అని రాసుకుంటే చాలదా అని ఒక మిత్రుడి వాదన. సాఫ్ట్‌వేర్‌లో ఆ వీలుంది, పాత రైడ్‌లు చెదరవు కూడా. కానీ నిన్న ఉక్క, ఇవాళ ఈదురుగాలి వాన. ఎన్ని తేదీలని మారుస్తాం?

ఉచితం అన్నాను గానీ, మెనూలు అలవాటయ్యేదాకా ఆదివారాలు దానికే పోతాయి. ఫోన్ యాప్ లేదు. ఏసీ గదిలో, సైకిల్ కదలకుండా నిలిపే ట్రైనర్ స్టాండు మీద తొక్కేవాళ్లకి ఈ తంటా అక్కర్లేదేమో. నేను రేసులకి పోను, ఆఫీసుకి ముందు తొక్కేవాణ్ణి. మే నెలలో ఏ రోజు ఇంట్లో పడుకోవాలో తెలిస్తే నాకు చాలు.