పాటల పుస్తకం: సాహిత్యం ఒక్కటే ఉన్నదా, స్వరాలున్నదా? ఏది మేలు?

పాటల పుస్తకం కొనబోయేముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. అందులోని పాటల వరసలు మీకు ముందే వచ్చా, రావా?

వస్తే సాహిత్యం పుస్తకం, అంటే పాట మాటలు మాత్రమే ఉన్నది, చాలు. నలుగురూ కలిసి పాడేచోట దానికి తిరుగులేదు. స్వరం, అంటే వరసను సరిగమల్లాంటి గుర్తులతో రాసింది, చదవడం రానివాళ్ళు కూడా గొంతు కలుపుతారు. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1640లో అచ్చయిన కీర్తనల పుస్తకంలో ఒక్క స్వరం కూడా లేదు. వరసలు జనం నోట ఉండేవి మరి. 1698 కూర్పులో గానీ అవి పుస్తకానికి ఎక్కలేదు.

చిక్కల్లా ఆ వరసలు వచ్చినవాళ్ళు పోయాకే. చైనావాళ్ళ ప్రాచీన పాటల సంకలనం షీజింగ్‌లో 305 పాటలున్నాయి. ఇప్పటికీ చదువుతారు, కానీ వాటి పాత వరసలు ఎవరికీ తెలియవు. మన అన్నమయ్య సంగతీ అంతే. రాగిరేకుల మీద చెక్కించబట్టి పన్నెండు వేలకు పైగా సంకీర్తనలు దక్కాయి. పాట నెత్తిన రాగం పేరుంది, స్వరం లేదు. రాగం తెలిసినంత మాత్రాన వరస తెలిసిపోదు కదా, ఒకే రాగంలో ఎన్ని పాటలైనా కట్టొచ్చు. ఇవాళ మనం వినే అన్నమయ్య బాణీల్లో చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవే.

అలాగని స్వరాల పుస్తకం అందరికీ లొంగదు. స్వరం నెత్తిన చుక్క ఉంటే తారస్థాయి, అంటే పై గొంతు; కింద ఉంటే మంద్రం, అంటే కింది గొంతు. అచ్చులో ఆ చుక్క ఎగిరిపోయిందా, పైకి వెళ్ళాల్సిన గొంతు మధ్యలోనే ఆగిపోతుంది. కామా కనిపిస్తే ఒక అక్షరకాలం, అంటే తాళంలో ఒక లెక్క, సాగదీయాలి, సెమికోలన్ అయితే రెండు. ఇవన్నీ చూసుకుంటూ కింద సాహిత్యం కూడా అందుకోవాలంటే కొత్తవాళ్ళకి టెన్షనే. పైగా గమకం ఒకటుంది, అంటే స్వరాన్ని ఊపి పలకడం. కాగితం మీద ‘గ’ అని ఉంటే ఆ గాంధారాన్ని ఎంత ఊపాలో ఎలా తెలుస్తుంది? సంగీత విద్వాంసులు సుబ్బరామ దీక్షితులు 1904లో తెలుగు లిపిలో తెచ్చిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో గమకాలకూ గుర్తులు పెట్టారు. మహా గొప్ప పని. కాకపోతే ఆ గుర్తులు చదవడమే ఇంకో చదువు.

చేత్తో రాసుకున్న నోటుబుక్కు కూడా ఉంది, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో గీత పెట్టుకోవచ్చు. రాసినవాళ్ళకి తప్ప ఇంకొకరికి పెద్దగా పనికిరాదు.

భజనకీ బృందగానానికీ నేనైతే సాహిత్యం పుస్తకమే తీసుకుంటాను, చరణం మధ్యలో పేజీ తిప్పాల్సిన అవసరం లేకపోతే. కొత్త పాట ఒంటరిగా నేర్చుకోవాలంటే మాత్రం స్వరాలున్నదే, పక్కన రికార్డింగుతో సహా. ఒక్కటే కొనగలిగితే? అప్పుడూ స్వరాలున్నదే. ఇప్పటి స్వరాల పుస్తకాల్లో సాహిత్యం ఎలాగూ ఉంటుంది. కొనేముందు మీకు బాగా వచ్చిన పాట పేజీ తీసి, చుక్కలు సరిగా పడ్డాయో లేదో పాడి చూసుకోండి.