రాళ్ల కళ్లతో మన చరిత్ర: ‘దాస్ రాడ్’ ఎలా ఉంది, ఎలా చూపించాలి

కొండ మీద రెండు రాళ్ల గుట్టలు కూర్చుని కబుర్లాడుకుంటుంటాయి. ఒకదానికి ఒళ్లంతా పాచి పట్టి ఒకటే దురద. కింద లోయలో ఆదిమానవుడి నుంచి మహానగరం దాకా మన చరిత్రంతా గడిచిపోతుంటుంది, వాటికి మాత్రం ఆ దురదే పెద్ద సమస్య. క్రిస్ స్టెన్నర్, ఆర్విడ్ ఊయిబెల్, హైదీ విట్‌లింగర్ అనే జర్మన్ ఫిల్మ్ విద్యార్థులు 2001లో తీసిన ఈ యానిమేషన్ సినిమా ‘దాస్ రాడ్’, ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. నిడివి ఎనిమిది నిమిషాల చిల్లర. ఇంగ్లిష్‌లో పేరు ‘రాక్స్’.

నవ్వంతా రెండు గడియారాల్లో ఉంది. రాళ్ల కాలం నడుస్తున్నంతసేపూ మబ్బులు పరుగులు పెడతాయి, మంచు పడటం, కరగడం రెప్పపాటులో అయిపోతాయి, ఇళ్లు పుట్టగొడుగుల్లా లేస్తాయి. ఉన్నట్టుండి మన కాలంలోకి మారుతుంది. మనిషి మామూలుగా నడిచొస్తాడు, అప్పటిదాకా వాగిన గుట్టలు ఉలుకూ పలుకూ లేని బండలైపోతాయి. ఈ మార్పును పొదుపుగా వాడారు కాబట్టే ప్రతిసారీ పేలింది.

చివర్లో నగరం గుట్టల మీదికి దూసుకొచ్చే ఘట్టం మాత్రం కాస్త పాఠం చెప్పినట్టుంది. రాజులు, యుద్ధాలు, తేదీలు కావాలంటే ఇందులో దొరకవు. చరిత్ర అంటే ఇక్కడ చక్రం, రోడ్డు, కట్టడాలు, అంతే.

స్కూల్లో వేసేవాళ్లు నెట్‌లో నేరుగా నడపకుండా, కనీసం 720పీ స్పష్టత ఉన్న కాపీ ముందే సిద్ధం చేసుకోవాలి. వీడియో కంప్రెషన్ పక్కపక్క ఫ్రేములు ఒకేలా ఉంటాయన్న లెక్క మీద పనిచేస్తుంది. ఇందులో ఆకాశం ఫ్రేము ఫ్రేముకీ మారిపోతుంది కాబట్టి 360పీలో తెరంతా గళ్లుగళ్లుగా చెదురుతుంది. టీవీలో మోషన్ స్మూతింగ్ (ఫ్రేముల మధ్య కొత్త ఫ్రేములు చేర్చి కదలికను నునుపు చేసే సెట్టింగ్) ఆపేయండి, లేకపోతే బొమ్మల కదలిక జావలా జారిపోతుంది. మాటలు జర్మన్‌లో ఉంటాయి. సబ్‌టైటిల్స్‌ను పక్కన నిలబడి తెలుగులో చదివి వినిపిస్తే జోకు దాటిపోయాక అర్థం చేరుతుంది. గుట్టల పేర్లు హ్యూ, క్యూ అనీ, వాటికి మన వందేళ్లు ఓ లెక్కలోవి కావనీ ముందే చెప్పి, మధ్యలో ఆపకుండా వేయడం మేలు.

విశాఖ పిల్లలకైతే దీని తర్వాత తొట్లకొండ యాత్ర పెట్టండి. సుమారు రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ విహారం పునాదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు పైన, భీమిలి బీచ్ రోడ్డు మీద కార్లు కింద. సినిమాలోని గుట్టలు ఎక్కడ కూర్చున్నాయో ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

పిల్లలు తామూ ఒకటి తీస్తామంటే ఫోన్ చాలు. రాయిని కొంచెం జరపడం, ఒక ఫొటో తీయడం, అంతే. సినిమాలో సెకనుకు 12 ఫొటోల చొప్పున పది సెకన్లకు 120. రాయిని ఫొటో ఫొటోకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లకు మించి జరపొద్దు. ఫోన్ కెమెరాలో ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు), వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) లాక్ చేయకపోతే మబ్బు వచ్చిన ప్రతిసారీ వెలుగు దడదడలాడుతుంది. ఆర్కే బీచ్‌లో అయితే మధ్యాహ్నం గాలికి ట్రైపాడ్ ఊగుతుంది. దాని నడిమి కడ్డీకి ఇసుక సంచి వేలాడదీయండి, లేదా పొద్దున్నే వెళ్లండి.