కాలు కొరుక్కునే కుక్కకి ఏది పనిచేసింది: కోన్, గాలి కాలర్, చేదు స్ప్రే

ముందే తేల్చి చెప్పేస్తాను. కుక్క తన ఒంటిని తానే కొరుక్కుని పుండ్లు చేసుకుంటుంటే, కొనుక్కునే సరంజామాలో నమ్ముకోదగ్గది మెడ చుట్టూ గరాటులా తొడిగే పాతకాలం గట్టి ప్లాస్టిక్ కోన్ ఒక్కటే. చూడ్డానికి బాగుండదు, కుక్కకి అస్సలు నచ్చదు, అది దూసుకుపోయిన ప్రతిసారీ మన పిక్కలకి దెబ్బ తగులుతుంది. అయినా సరే. మా ఇంట్లో మెడకి తొడిగే గాలి నింపే కాలర్, చేదు స్ప్రే, సాక్సులు అన్నీ వచ్చాయి, వాడాం, చాలావరకు మూలన పడ్డాయి. కోన్ మాత్రం తలుపు వెనక మేకుకి వేలాడుతూ ఇప్పటికీ డ్యూటీలోనే ఉంది.

మావాడు బ్రూనో, లేత రంగు లాబ్రడార్, వయసు మళ్లుతున్నవాడు. ముంగాలు మీద, మణికట్టుకి కాస్త పైన ఒకే చోట నాకడం మొదలుపెట్టాడు. ముందు నాకుడు, ఆ తర్వాత ముందుపళ్లతో సన్నగా కొరుకుడు. ఇల్లు సద్దుమణిగాక చీకట్లో ఆ తడితడి చప్పుడు ఆగకుండా వినిపిస్తుంటే మనకి నిద్ర పట్టదు. పోనుపోను అక్కడ వెంట్రుకలు ఊడి, చర్మం దళసరెక్కి, ఎర్రగా నున్నగా ఉబ్బింది. చుట్టూ ఉన్న వెంట్రుకలు ఉమ్మి తగిలి తగిలి తుప్పు రంగుకి తిరిగాయి. డాక్టర్లు దీన్ని లిక్ గ్రాన్యులోమా అంటారు. లాబ్రడార్, డాబర్‌మన్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద జాతుల్లో ఎక్కువ. నాకేకొద్దీ చర్మం చితుకుతుంది, వెంట్రుకల కుదుళ్లలోకి ఇన్ఫెక్షన్ దిగుతుంది, దాంతో దురద పెరుగుతుంది, దురదకి మళ్లీ నాకుతుంది. నోరు అందకుండా చేస్తే తప్ప మందు రాసినా కడుపులోకే పోతుంది.

కోన్ విషయంలో అందరూ మెడ కొలత చూసి కొంటారు. అసలు చూడాల్సింది పొడవు. తొడిగాక అంచు ముక్కు కొస దాటి ముందుకు రావాలి. ముక్కుతో సమానంగా ఆగిపోయిందంటే కుక్క కాలు చాపి, మెడ వంచి, నాలుక కొసతో పని కానిచ్చేస్తుంది. మెడ దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులు చాలు. అంతకన్నా వదులైతే ముందుకాళ్లతో లాగి పారేస్తుంది. రోజూ వేసే మెడపట్టీని కోన్ కింద ఉండే లూపుల్లోంచి తీసి బిగిస్తేనే నిలుస్తుంది. తెల్లటి మూసుకుపోయిన రకం కన్నా పారదర్శకంగా ఉండేది మేలు, పక్కన ఏం జరుగుతోందో కనబడితే కుక్కకి టెన్షన్ తగ్గుతుంది.

ఇక కోన్‌తో వచ్చే తిప్పలు. గిన్నెలో మూతి పెట్టబోతే అంచు నేలకి తగిలి గిన్నె జరిగిపోతుంది. కోన్ నోటి కన్నా చిన్నగా ఉన్న గిన్నెని పీట మీద పెట్టాక బ్రూనో హాయిగా తిన్నాడు. లోపలి వైపు మెతుకులు, చొంగ అంటుకుని ఒక్కరోజులో కంపు కొడుతుంది కాబట్టి రోజూ కడిగి ఆరబెట్టాలి. ఆ తీసినప్పుడే మెడ చుట్టూ ఒరుసుకుందేమో చూసుకోవాలి. ఇంకో తమాషా ఏమిటంటే, నోరు అందకపోయేసరికి మావాడు కాలు ఎత్తి పుండుని కోన్ అంచుకేసి రుద్దుకోవడం నేర్చాడు. ఎంత తెలివో! అంచు పొడవునా మెత్తటి గుడ్డ టేపు చుట్టాక గానీ ఆ ఆట కట్టలేదు. మొదటిసారి తొడిగినప్పుడు కొన్ని కుక్కలు కొయ్యబారి నిలబడిపోతాయి, కొన్ని వెనక్కి వెనక్కి నడుస్తాయి. అలవాటు పడేదాకా ఒంటరిగా వదలకూడదు, మెట్లకి అడ్డు పెట్టాలి.

గాలి కాలర్ మీద నాకు కోపమేమీ లేదు. దాన్నే దిండులా పెట్టుకుని పడుకుంటాడు, తిండికి అడ్డం రాదు. పక్కటెముకల మీద చిన్న గడ్డ తీసి కుట్లు వేసినప్పుడు అదే వాడాం, చక్కగా పనిచేసింది. కానీ పాదాలు, ముంగాళ్లు, తోక కొస ఈ మూడూ పొడుగు మూతి కుక్కకి దాన్ని దాటి అందుతాయి. మా సమస్య కాలి మీద కాబట్టి మాకు దండగే. పైగా గోరు దిగితే గాలి పోయి వేలాడుతుంది.

చేదు స్ప్రేకి మొదట్లో మొహం చిట్లించాడు. తర్వాత అదేదో కొత్త రుచి అన్నట్టు నాకాడు. ఇలాంటి స్ప్రేలు చాలావాటిలో ఆల్కహాల్ ఉంటుంది, పచ్చి పుండు మీద పడితే భగ్గున మండుతుంది. కట్టు పైన కొట్టడానికో, సోఫా కాళ్లు కొరికే కుక్కపిల్లలకో సరే. పుండు మీద మాత్రం వద్దు. మనం వాడే క్రీములూ వద్దు, జింక్ ఉన్నవి నాకితే విషం. టీ ట్రీ ఆయిల్ కూడా అంతే. నొప్పి అని ఐబుప్రోఫెన్ వేయడం ప్రాణం మీదకి తెస్తుంది.

సాక్సులు, కట్లు పగలు మన కళ్లముందు ఉన్నంతసేపే పనికొస్తాయి. లోపల తడి చేరితే పుండు నానిపోతుంది. కట్టు బిగుతైందా లేదా అన్నది కింద వేళ్లు చూస్తే తెలుస్తుంది: మధ్య రెండు గోళ్లు ఒకదానికొకటి దూరం జరిగాయంటే పాదం వాస్తోందన్నమాట, వెంటనే విప్పాలి. సాక్సు మింగేసే కుక్కలుంటాయి, పేగుల్లో అడ్డం పడితే ఆపరేషన్ దాకా పోతుంది.

ఇంత చెప్పినా కోన్ దురదని తగ్గించదు, నొప్పిని తగ్గించదు. పుండు పక్కు కట్టింది కదా అని మేం తీసిన మర్నాటికే బ్రూనో ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే మొదలుపెట్టాడు. అప్పుడు డాక్టర్ గారు ఎక్కడ కొరుకుతున్నాడన్నదాన్ని బట్టి వెతకడం మొదలుపెట్టారు. తోక మొదట్లో, నడుము చివర కొరికితే ముందు ఫ్లీస్‌ని, అంటే ఒంటి మీద చేరి నెత్తురు తాగే చిన్న పురుగుల్ని అనుమానించాలట. పాదాలు, చెవులు, పొట్ట అయితే అలర్జీ. తోక కింద అదే పనిగా నాకితే అక్కడి గ్రంథులు నిండి ఉండొచ్చు. కాలి మీద ఒకే చోట అయితే దాని అడుగున ఉన్న కీలు కూడా చూడాలి.

ఫ్లీస్ పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు, నాకు బాగా నచ్చింది. సన్న పళ్ల దువ్వెనతో నడుము దగ్గర దువ్వి, రాలిన నల్ల నలుసుల్ని తడి తెల్ల కాగితం మీద వేయాలి. మట్టి అయితే మట్టిలాగే ఉంటుంది. చుట్టూ ఎర్రటి మరక పాకిందంటే అది ఫ్లీ రెట్ట, అంటే అరిగిన నెత్తురు. ఒకవేళ ఉంటే కుక్కకి ఒక్కదానికే మందు వేసి ఊరుకుంటే లాభం లేదు, వాటి గుడ్లు, పిల్లలు ఉండేది ఎక్కువగా పక్కగుడ్డల్లో, చాపల సందుల్లో. ఇంట్లో ఉన్న మిగతా జంతువులకీ వేయాలి. తిండి అలర్జీ అనుమానమైతే కనీసం 8 వారాలు డాక్టర్ చెప్పిన ఆహారం తప్ప ఇంకేమీ పెట్టకూడదు, ఇంటికొచ్చిన చుట్టాలు పెట్టే ఒక్క బిస్కెట్టుతో సహా.

మావాడికి ఫ్లీస్ లేవు. ఎక్స్‌రేలో మణికట్టు కీలు అరిగిందని తేలింది. పుండు అడుగున లోతుగా ఇన్ఫెక్షన్ ఉంది, ఇలాంటివాటికి యాంటీబయాటిక్ వారాల తరబడి వాడాల్సి వస్తుంది, పైకి మానినట్టు కనబడగానే ఆపకూడదు. దాంతోపాటు నొప్పికి కుక్కల మందు. ఈ రెండూ పనిచేసే వ్యవధిని ఇచ్చింది కోన్. అలర్జీ దురద ఉన్న కుక్కలకి అపోక్వెల్ మాత్రలు, సైటోపాయింట్ ఇంజెక్షన్ లాంటివి ఉన్నాయి గానీ మాకు వాటి అవసరం రాలేదు.

తిట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు, సోఫా వెనక్కి వెళ్లి నాకుతాడు. "బ్రూనో!" అని అరిస్తే అదీ ఒక పలకరింపే వాడికి. ఊసుపోక నాకే సమయాలు మేం కనిపెట్టాం: సాయంత్రం అందరం ఫోన్లు పట్టుకుని కూర్చున్నప్పుడు. ఆ వేళకి వాసన చూస్తూ తీరిగ్గా తిరిగే నడక పెట్టాం, వచ్చాక నాకి తినే మ్యాట్ మీద కాస్త తిండి పూసి ఇస్తున్నాం. నాకుడు సరదా అక్కడ తీరుతోంది.

కోన్ మాన్పించడం కూడా మెల్లిగానే. ముందు మేం పక్కన కూర్చున్నంతసేపు తీశాం, తర్వాత పగలంతా, చివరికి రాత్రిళ్లు. పొద్దున్నే లేవగానే ఆ చోట చేత్తో తడిమి చూసేవాళ్లం, వెంట్రుకలు తడిగా ఉంటే ఆ రాత్రికి మళ్లీ తొడుగుడే. ఇప్పుడు అక్కడ వెంట్రుకలు పలచగా వచ్చాయి, కాస్త తెల్లగా. చలికి కీలు పట్టేసినప్పుడు మళ్లీ నాలుక అటే పోతుంది. అప్పుడు నొప్పి మందు సంగతి డాక్టర్ గారిని అడిగి, ఆ నాలుగు రోజులు కోన్ తొడుగుతాం.

కొనబోయేవాళ్లకి ఒక్క మాట: బటన్లతో బిగించే రకం తీసుకోకండి. మా మొదటి కోన్‌కి అవే ముందు ఊడిపోయాయి. వెల్క్రో పట్టీ ఉన్న రెండోది గట్టిగానే ఉంది, వెంట్రుకలు చిక్కుకున్నప్పుడల్లా పాత టూత్‌బ్రష్‌తో దులిపితే చాలు.