వాన తర్వాత పాత బండి మొరాయిస్తే: ముందు ప్లగ్గా, కార్బరేటరా?

వానలో తడిసిన పాత బండి మర్నాడు మిస్సింగ్ కొడితే (ఇంజిన్ తడబడుతూ నడిస్తే), మన దగ్గర చాలా షాపుల్లో మొదట చెయ్యి పడేది పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే కార్బరేటర్ మీద. ‘కచరా పట్టింది, క్లీన్ చేద్దాం’ అంటారు. నేను మాత్రం ముందు ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్, దాని మీద తొడిగే క్యాప్, దానికి కరెంటు తెచ్చే కాయిల్ వైర్ చూడమంటాను. కార్బరేటర్ ఆ తర్వాతే. ఇది 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య రూల్ రాకముందు కొన్న పాత స్ప్లెండర్, ప్యాషన్, పల్సర్, ఇంకా అక్కడక్కడా కనిపించే ఆర్‌ఎక్స్ 100 లాంటి కార్బరేటర్ బండ్ల సంగతి. కార్బరేటర్ లేని ఇంజెక్షన్ బండ్ల లెక్క వేరు.

కార్బరేటర్‌తో మొదలుపెడితే అసలు లోపం దాక్కుంటుంది. క్యాప్‌లోకి తడి చేరితే ప్లగ్‌కి వెళ్లాల్సిన కరెంటు పక్కదారి పట్టి ఇంజిన్ బాడీలోకి పోతుంది. షాపులో కార్బరేటర్ విప్పి, కడిగి, బిగించేలోపు ఆ తడి ఎలాగూ ఆరిపోతుంది. బండి ఒక్క కిక్‌కే అందుకుంటుంది. కార్బరేటర్‌దే తప్పని మెకానిక్ నమ్ముతాడు, మనమూ నమ్ముతాం. మళ్లీ గట్టి వాన పడగానే అదే తంటా. ఈలోపు బాగున్న కార్బరేటర్‌లో గాలి, పెట్రోల్ పాళ్లు సరిచేసే ఎయిర్ స్క్రూ కదిలితే ఐడిలింగ్ చెడుతుంది, మైలేజీ పడిపోతుంది. రోజంతా బండి మీదే బతికేవాళ్లకి ఇది చిన్న నష్టం కాదు.

అలాగని కార్బరేటర్‌ని ఎప్పుడూ అనుమానించొద్దని కాదు. నీళ్లు కింది నుంచి వచ్చాయా, పై నుంచి వచ్చాయా అని ఆలోచిస్తే సగం తేలిపోతుంది. హైదరాబాద్‌లో మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కిందో, టోలిచౌకిలోనో నిలిచిన నీళ్లలోంచి వచ్చాక మిస్సింగ్ మొదలైతే అనుమానం ప్లగ్ మీదే. స్ప్లెండర్ ఇంజిన్‌లో సిలిండర్ దాదాపు అడ్డంగా ముందుకి వాలి ఉంటుంది కాబట్టి ముందు చక్రం చిమ్మిన నీళ్లు నేరుగా ప్లగ్ వైపే వస్తాయి. మడ్‌గార్డ్ కింద రబ్బరు ఊడిపోయిన బండికి మరీ కష్టం. అదే, బండి ఎక్కడికీ వెళ్లకుండా రాత్రంతా అపార్ట్‌మెంట్ ముందు వానలో నిలబడి పొద్దున మొరాయిస్తే, ట్యాంకు మూత చూడాలి. మూత చుట్టూ చేరిన నీళ్లు పోవడానికి కొన్ని బండ్లకి సన్నటి గొట్టం ఉంటుంది. అది మూసుకుపోయినా, మూత రబ్బరు గట్టిపడినా నీళ్లు పెట్రోల్లోకి దిగుతాయి.

బండి నడిచే తీరు కూడా ఆధారమే. ఇంజిన్ వేడెక్కేకొద్దీ మిస్సింగ్ తగ్గితే అది తడి క్యాపే అయ్యుండొచ్చు. బాగానే స్టార్టయి, కొంత దూరం పోయాక రేస్ ఇస్తే ఆగిపోతుంటే పెట్రోల్లో నీళ్లుండొచ్చు. రిజర్వ్‌లో పెట్టగానే ఆగిపోతే ఆ అనుమానం ఇంకా గట్టిది. నీళ్లు ట్యాంకు అడుక్కి చేరతాయి, రిజర్వ్ లాగేది ఆ అడుగు నుంచే. ఇప్పుడు మనకు దొరికే ఈ20 పెట్రోల్లో ఇథనాల్ ఉంది. అది నీళ్లని పీల్చుకుంటుంది, మోతాదు మించితే ఆ నీళ్లతో కలిసి విడిగా అడుక్కి దిగిపోతుంది. పల్సర్‌కి 2003 నుంచి డీటీఎస్‌-ఐ ఇంజిన్లలో రెండు ప్లగ్‌లు వచ్చాయి. ఒకటి తడిసి పనిచేయకపోయినా రెండోదానితో బండి నడుస్తుంది, పికప్ మాత్రం ఉండదు. దాన్ని చూసి కార్బరేటర్ అనుకోవడం చాలా తేలిక, కాబట్టి రెండు క్యాపులూ పీకి చూడాల్సిందే.

ప్లగ్ వైపు పని ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. తాళం ఆఫ్ చేసి, ఇంజిన్ చల్లారాక క్యాప్ లాగి, లోపలా బయటా పొడిగుడ్డతో తుడవండి. ప్లగ్ విప్పి ఆరబెట్టండి. క్యాప్‌ని వైర్‌కి స్క్రూలా తిప్పి బిగించే రకమైతే, విప్పి చూడండి. వైర్ కొన ఆకుపచ్చగా మారి ఉంటే ఆ కాస్త కత్తిరించి మళ్లీ బిగిస్తే చాలు. పగుళ్లున్న క్యాప్‌ని మాత్రం మార్చేయండి. పుత్లీబౌలి స్పేర్‌పార్ట్స్ షాపుల్లో పాత మోడళ్లకీ దొరుకుతుంది. అన్నీ ఆరి బండి బాగా నడుస్తున్నప్పుడు అసలు పరీక్ష చేయాలి. ఐడిలింగ్‌లో పెట్టి, చేత్తో ఏదీ తాకకుండా, స్ప్రే బాటిల్‌తో క్యాప్ మీదా వైర్ మీదా కొద్దిగా నీళ్లు కొట్టండి. వెంటనే మిస్సింగ్ వచ్చిందంటే దొంగ దొరికినట్టే. చీకట్లో చేస్తే వైర్ మీద నీలం మెరుపులు కూడా కనిపించొచ్చు.

ఇదంతా చేసినా మార్పు లేకపోతే అప్పుడు కార్బరేటర్. అప్పుడు కూడా మొత్తం విప్పనక్కర్లేదు. పెట్రోల్ కాక్ మూసి, కింద ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, లోపలున్నది గాజుసీసాలోకి పట్టండి. చుట్టుపక్కల నిప్పుగానీ సిగరెట్ గానీ ఉండకూడదు. ప్లగ్‌ని బయట పెట్టి స్పార్క్ చూసే పని కూడా ఈ సమయంలో వద్దు. సీసా అడుగున వేరే పొరగానీ గుండ్రటి చుక్కలుగానీ కనిపిస్తే నీళ్లున్నట్టే. అలాంటప్పుడు ట్యాంకు కూడా ఖాళీ చేయించాలి. ఒక్క కార్బరేటర్ కడిగి వదిలేస్తే ట్యాంకులోంచి మళ్లీ నీళ్లే దిగుతాయి.

ఎండలో పెట్టి వదిలేయడం మూడో దారి. ఆ పూటకి పని జరుగుతుంది, పాడైన క్యాప్ మాత్రం అలాగే ఉంటుంది.

బండి పూర్తిగా మునిగితే, 2020 అక్టోబరు హైదరాబాద్ వరదల్లో ఎన్నో కాలనీల్లో మునిగినట్టు, పైవేవీ పనికిరావు. స్టార్ట్ చేయకుండా తోసుకుపోవడమే మేలు. కిక్ దిగకపోతే సిలిండర్‌లో నీళ్లుండొచ్చు, బలవంతంగా తొక్కితే కనెక్టింగ్ రాడ్ వంగే ప్రమాదం ఉంది. ఇంజిన్ ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారితే మార్చకుండా నడపకూడదు. ఎయిర్ ఫిల్టర్ కాగితం రకమైతే అదీ కొత్తది వేయించాలి.

షాపుకి వెళ్లక తప్పకపోతే, ‘బండి స్టార్ట్ అవట్లేదన్నా’ అని వదిలేసి రాకండి. నీళ్లలోంచి వచ్చిందో, వానలో నిలబడి ఉందో, వేడెక్కాక ఎలా ఉందో చెప్పండి. కార్బరేటర్ విప్పేముందు ఒక కొత్త క్యాప్ పెట్టి చూడమని అడగండి.